చిన్న గౌను... పెద్ద లెక్క!

పిల్లల దుస్తులు సరిగ్గా అమరాలంటే కుట్టు ఒక్కటే వస్తే చాలదు. కొలత, ప్యాటర్న్, ట్రయల్... ఈ మూడూ తెలిసినవారికి గార్మెంట్ పరిశ్రమలో ఉద్యోగాలున్నాయి. ఇంట్లోనే మొదలుపెట్టగల ఈ నైపుణ్యం గురించి తెలుసుకుందామా!

బట్టల షాపుకెళ్లి ‘నాలుగేళ్ల పాపకి ఒక గౌను చూపించండి’ అని అడిగి చూడండి. సేల్స్‌మన్ పాపని ఓసారి పైనుంచి కిందికి చూసి, ‘ఐదేళ్ల సైజు తీసుకోండమ్మా, ఎదిగే పిల్ల కదా’ అంటాడు. ఇంటికొచ్చి తొడిగితే భుజాలు జారుతుంటాయి, మెడ లూజు, పొడవు పాదాల దాకా. ‘వచ్చే ఏడాదికి సరిపోతుందిలే’ అని బీరువాలో పెడతారు. వచ్చే ఏడాది తీస్తే పొడవు సరిపోతుంది కానీ చంక దగ్గర పట్టేస్తుంది. గౌను కొత్తగానే ఉంటుంది, పాప మాత్రం వేసుకోనంటుంది.

ఇది మనందరి ఇళ్లలో జరిగేదే. తప్పు పాపది కాదు, గుడ్డది కాదు. చాలాసార్లు కుట్టుది కూడా కాదు. కత్తెర పెట్టడానికి ముందే, కాగితం మీద జరిగిన తప్పు అది. ఆ కాగితాన్నే ప్యాటర్న్ అంటారు. దాన్ని తప్పులేకుండా తయారుచేసేవారు ప్యాటర్న్ మేకర్లు, పరిశ్రమలో వాడే మాటలో ప్యాటర్న్ మాస్టర్లు. డిజైనర్ గీసిన బొమ్మకీ, ఫ్యాక్టరీలో కుట్టే గౌనుకీ మధ్య నిలబడేది వీళ్లే.

ప్యాటర్న్ ఎందుకు?

మీ వీధిలో టైలర్ కొలతలు తీసుకుని నేరుగా గుడ్డ మీదే చాక్‌పీసుతో గీసి కట్ చేస్తాడు. ఒక్క గౌనుకి అది చాలు. అదే గౌను పదివేల పీసులు కావాలంటే? ముందు భాగం, వెనక భాగం, చెయ్యి, కాలర్... ఒక్కోదానికి ఒక్కో కాగితపు ముక్క కావాలి. ముందు ఒక నమూనా సైజుకి తయారుచేస్తారు. దాన్నుంచి మిగతా సైజులకు పెంచుతారు, తగ్గిస్తారు. ఈ పనిని గ్రేడింగ్ అంటారు. ప్యాటర్న్‌లో అరసెంటీమీటరు తప్పు జరిగితే అది పదివేల గౌన్లలోనూ ఉంటుంది. అందుకే ఈ పనికి అంత విలువ.

సైజుల వారీగా ప్యాటర్న్‌లు అమ్మే ఆలోచన వెనక కూడా పిల్లల బట్టలే ఉన్నాయి. 1863లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబనేజర్ బటరిక్ అనే టైలర్ ఉండేవాడు. చిన్న కొడుక్కి బట్టలు కుడుతూ, సైజుకి తగ్గ ప్యాటర్న్ ఉంటే ఎంత బావుండునని ఆయన భార్య అన్నదట. అలా మొదలైన వ్యాపారమే బటరిక్ ప్యాటర్న్‌లు. మొదట్లో అమ్మినవి మగవాళ్ల, మగపిల్లల దుస్తుల ప్యాటర్న్‌లే.

పిల్లలంటే ‘చిన్న సైజు పెద్దలు’ కాదు

కొత్తగా నేర్చుకునేవారు చేసే మొదటి పొరపాటు ఇదే. పెద్దల ప్యాటర్న్‌ని జిరాక్స్‌లో తగ్గించినట్టు తగ్గించేస్తే పిల్లల బట్ట అయిపోతుందనుకుంటారు. కానే కాదు. అప్పుడే పుట్టిన బిడ్డకి తల పొడవు మొత్తం శరీరంలో నాలుగో వంతు. పెద్దయ్యాక అది ఏడో వంతుకీ ఎనిమిదో వంతుకీ మధ్యకు వస్తుంది. రెండు మూడేళ్ల పిల్లలకి పొట్ట ముందుకి ఉంటుంది. ఛాతీ, నడుము దాదాపు ఒకే కొలత. నడుము వంపు అనేదే ఉండదు. అందుకే వీళ్ల గౌనుకి నడుము దగ్గర డార్టులు వేస్తే పొట్ట దగ్గర పట్టేసి, ముందు భాగం పైకి లేస్తుంది.

ఇక వయసు సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో విడుదల చేసిన ఎదుగుదల ప్రమాణాల ప్రకారం ఐదేళ్ల మగపిల్లాడి సగటు ఎత్తు 110 సెం.మీ. అయితే ఆరోగ్యంగా ఉన్న ఐదేళ్ల పిల్లలు దాదాపు 101 సెం.మీ. నుంచి 119 సెం.మీ. వరకు ఎంతైనా ఉండొచ్చు. తేడా 18 సెం.మీ.! యూరప్‌లో పిల్లల సైజులను ఎత్తుతోనే చెబుతారు... 98, 104, 110, 116 ఇలా. ఒక్కో మెట్టుకి 6 సెం.మీ. అంటే ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరు పిల్లల మధ్య మూడు సైజుల తేడా ఉండొచ్చు. ‘5 ఏళ్లు’ అనే లేబుల్ చూసి కట్ చేస్తే ఇద్దరిలో ఎవరికి సరిపోతుంది?

ఛాతీ ముందు... పొడవు తర్వాత

మరి సైజు ఎలా ఎంచుకోవాలి? పై బట్టలకి ఛాతీ కొలత, కింది బట్టలకి నడుము, సీటు కొలత చూసి సైజు ఎంచుకోవాలి. పొడవు తర్వాత సరిచేసుకోవచ్చు. కారణం సింపుల్. మెడ, భుజం, చంక గుంట... ఇవి ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. ఒకటి మారిస్తే అన్నీ మార్చాలి. పొడవు అలా కాదు, ఒక అడ్డగీత దగ్గర పెంచితే చాలు.

ఒక లెక్క చేద్దాం. మీ దగ్గరున్న ప్యాటర్న్ చార్టు ఇలా ఉందనుకోండి: ఎత్తు 98కి ఛాతీ 55, ఎత్తు 104కి 57, ఎత్తు 110కి 59 సెం.మీ. మీరు కొలిచిన పాప ఎత్తు 110, ఛాతీ 55. సన్నగా, పొడుగ్గా ఉండే పిల్ల.

ఎత్తు చూసి 110 సైజు కట్ చేస్తే ఛాతీ దగ్గర 4 సెం.మీ. ఎక్కువవుతుంది, భుజాలు జారతాయి. కాబట్టి ఛాతీకి తగ్గ 98 సైజు తీసుకోవాలి. తర్వాత చార్టులో మెడ వెనక నుంచి నడుము దాకా పొడవు చూడండి. 98 సైజుకి 24, 110 సైజుకి 26 అని ఉంటే తేడా 2 సెం.మీ. ప్యాటర్న్ మీద పొడవు మార్చుకోవడానికి అడ్డంగా ఒక గీత ఉంటుంది. అక్కడ కత్తిరించి, కింద ఇంకో కాగితం పెట్టి, సరిగ్గా 2 సెం.మీ. ఎడంగా అతికించాలి. ముందు భాగానికీ, వెనక భాగానికీ ఒకేలా చేయాలి. ఒకదానికి చేసి రెండోది మరిచిపోతే పక్క కుట్లు కలవవు. అతికించాక పక్క గీత మెట్టులా విరుగుతుంది కదా, దాన్ని స్కేలుతో మళ్లీ నున్నగా గీయాలి. చెయ్యి పొడవు, కింద కుచ్చుల పొడవు విడివిడిగా ఇదే పద్ధతిలో పెంచాలి. ఎత్తులో తేడా 12 సెం.మీ. ఉంది కదా అని మొత్తం ఒకేచోట కలిపేస్తే నడుము కుట్టు తుంటి మీదికి జారుతుంది.

లూజు ఎంత ఉండాలి?

ఛాతీ 55 ఉందని గౌను కూడా 55 కుడితే పాప ఊపిరి పీల్చుకోలేదు. ఒంటి కొలతకీ, కుట్టిన బట్ట కొలతకీ మధ్య ఉండే తేడాను ఈజ్ అంటారు, మన మాటలో లూజు. సాగని కాటన్ గుడ్డకి ఛాతీ దగ్గర 6 నుంచి 8 సెం.మీ. లూజు ఇస్తే పిల్లలు హాయిగా ఆడుకోగలరు. సాగే బనియన్ గుడ్డకి ఇంత అక్కర్లేదు.

ప్యాటర్న్‌లో ఎంత లూజు ఉందో కుట్టకముందే తెలుసుకోవచ్చు. ముందు భాగం సగం ముక్క చంక దగ్గర 17 సెం.మీ. ఉంది, అందులో కుట్టు మార్జిన్ 1 సెం.మీ. అనుకోండి. మిగిలేది 16, రెండు వైపులా కలిపి 32. వెనక భాగం సగం 16.5, మార్జిన్ పోతే 15.5, రెండింతలు 31. మొత్తం 63. ఒంటి కొలత 55 తీసేస్తే లూజు 8 సెం.మీ. సరిపోయింది.

ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. కొన్ని ప్యాటర్న్‌లలో కుట్టు మార్జిన్ కలిపే ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. లేనిదాన్ని ఉందనుకుని కట్ చేసి 1 సెం.మీ. లోపలికి కుడితే? రెండు పక్క కుట్లు, ఒక్కోదానికి రెండు అంచులు... మొత్తం 4 సెం.మీ. పోతుంది. మీరిచ్చిన లూజులో సగం గల్లంతు! అందుకే ప్యాటర్న్ చేతికి రాగానే మొదట చదవాల్సిన లైను మార్జిన్ గురించిందే.

తల దూరుతుందా?

అందంగా కుట్టిన గౌను తల దగ్గర ఆగిపోవడం కంటే అవమానం టైలర్‌కి ఇంకోటి ఉండదు. ఐదేళ్ల పిల్లల తల చుట్టుకొలత సగటున 50 సెం.మీ.పైనే. మెడ చుట్టుకొలత అందులో కాస్త అటూ ఇటూగా సగమే. అంటే మెడకి అందంగా అమరే బట్ట తలలోంచి దూరదు, తలలోంచి దూరే బట్ట మెడకి అమరదు. పరిష్కారం... వెనక పట్టీ, జిప్పు లేదా భుజం మీద బటన్లు.

పట్టీ ఎంత పొడవుండాలో కూడా లెక్కే చెబుతుంది. మెడ చుట్టూ 32 సెం.మీ. ఉంది, వెనక 10 సెం.మీ. తెరుస్తున్నారు. తెరిచిన చీలికకి రెండు అంచులు కాబట్టి 20 కలుస్తుంది, మొత్తం 52. తల చుట్టుకొలత 51 అయితే దూరుతుంది, కానీ బొటాబొటిగా. ఇంకో రెండు సెంటీమీటర్లు తెరిస్తే పాప ఏడవకుండా వేసుకుంటుంది.

చంక కిందికి దింపితే ఫ్రీగా ఉంటుందా?

‘చంక టైటుగా ఉంది, కొంచెం దింపు’ అనేది టైలర్ షాపుల్లో తరచూ వినిపించే మాట. వినడానికి బాగానే ఉంటుంది కానీ ఫలితం తారుమారు. చంక గుంట బాగా కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు గౌను మొత్తం పైకి లేస్తుంది. బోర్డు మీద రాయడానికి చెయ్యెత్తిన పిల్ల చొక్కా పొట్ట మీదికి వెళ్లిపోవడం మీరు చూసే ఉంటారు. నిజంగా చంక పట్టేస్తుంటే దింపాల్సింది కొంచెమే. అసలు చూడాల్సింది వీపు వెడల్పు, చెయ్యి పైభాగం వెడల్పు.

నిక్కర్లు, ప్యాంట్లలో ఇలాంటి కీలకమైన కొలత కూర్చునే లోతు. పిల్లాడిని గట్టి కుర్చీ మీద కూర్చోబెట్టి, నడుము నుంచి కుర్చీ దాకా పక్కగా కొలవాలి. దానికి ఒకటిన్నర, రెండు సెం.మీ. కలపాలి. డైపర్ వేసుకునే వయసైతే ఇంకాస్త. వెనక భాగం ముందు భాగం కంటే ఎత్తుగా ఉండాలి. లేకపోతే వంగిన ప్రతిసారీ ప్యాంటు జారుతుంది.

పాత దుప్పటి మీద ట్రయల్

మంచి గుడ్డ మీద నేరుగా కత్తెర పెట్టొద్దు. పాత దుప్పటి లేదా చవక కాటన్ మీద ఒక ట్రయల్ పీసు కట్ చేసి, కచ్చా కుట్టు వేసి తొడగండి. పిల్లలు నిలబడరు కాబట్టి మీకు దొరికేది రెండు మూడు నిమిషాలే. ఏం చూడాలో ముందే తెలిసుండాలి.

• చేతులు పైకెత్తమనండి, కూర్చోమనండి, కింద పడిన బంతి తీయమనండి. నిలబడినప్పుడు బాగుంటే సరిపోదు.
• ఒకచోటి నుంచి కిరణాల్లా ముడతలు వస్తుంటే అక్కడ గుడ్డ చాలట్లేదని అర్థం.
• నిలువుగా వదులు మడతలు పడితే వెడల్పు ఎక్కువైంది.
• వీపు మీద అడ్డంగా వదులు మడత పడితే పొడవు ఎక్కువైంది.
• ముందు అంచు పైకి లేస్తే పొట్టకి తగినంత పొడవు ఇవ్వలేదు.

కనిపించినవన్నీ కాగితం మీద రాసి, ప్యాటర్న్ మీదే సరిదిద్దండి. గుడ్డని సరిచేస్తే ఒక గౌను బాగుపడుతుంది. ప్యాటర్న్‌ని సరిచేస్తే తర్వాత కుట్టేవన్నీ బాగుపడతాయి. అసలు గుడ్డని కట్ చేసేముందు నీళ్లలో తడిపి ఆరబెట్టడం మరవొద్దు. గుడ్డ 4 శాతం కుంచించుకుపోతే 60 సెం.మీ. గౌను 2.4 సెం.మీ. పొట్టిదవుతుంది.

మరి ‘ఎదిగే పిల్ల’ సంగతి? ఎదుగుదలని వెడల్పులో దాచొద్దు, పొడవులో దాచండి. మన అమ్మమ్మలకి ఈ కిటుకు ఎప్పుడో తెలుసు. పట్టు లంగా అంచుకి పైన లోపలివైపు మడతలు వేసి, ఏటా ఒక్కోటి విప్పేవారు. గౌను కింద వెడల్పు మడత, భుజం పట్టీలకి రెండేసి బటన్లు, నడుము ఎలాస్టిక్‌ని వదులు చేసుకునే వీలు... ఇవన్నీ అదే ఆలోచనకి కొత్త రూపాలు.

తాడు కట్టే ముందు ఆలోచించండి

పిల్లల దుస్తుల్లో ఫిట్ అంటే అందం మాత్రమే కాదు, ప్రాణం కూడా. టోపీకి, మెడకి ఉన్న తాళ్లు జారుడుబల్లకి, బస్సు తలుపుకి చిక్కుకుని విదేశాల్లో పిల్లలు చనిపోయారు. అందుకే అమెరికా వినియోగదారుల భద్రత సంస్థ 1996లో ఈ తాళ్లపై మార్గదర్శకాలు ఇచ్చింది. యూరప్‌లో ఈఎన్ 14682 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం ఏడేళ్లలోపు పిల్లల దుస్తులకి మెడ దగ్గర, టోపీకి వేలాడే తాళ్లు ఉండకూడదు. ఎగుమతి చేసే కంపెనీల్లో ఈ నిబంధన తెలియకుండా ప్యాటర్న్ గీస్తే సరుకంతా వెనక్కి రావచ్చు. ఇంటర్వ్యూలో మీరే ముందుగా ఈ ప్రస్తావన తెస్తే, విషయం తెలిసిన అభ్యర్థి అనిపించుకుంటారు.

ఉద్యోగాలు ఎక్కడ?

పిల్లల నిట్‌వేర్‌కి తిరుప్పూర్, రెడీమేడ్ పిల్లల దుస్తులకి కోల్‌కతాలోని మెటియాబ్రుజ్, ఎగుమతులకి బెంగళూరు పేరున్న కేంద్రాలు. మన దగ్గర అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం ప్రాంతంలో బ్రాండిక్స్ అపారెల్ సిటీ, వరంగల్ దగ్గర కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉన్నాయి. 2021లో తెలంగాణలో పెట్టుబడులు ప్రకటించిన కిటెక్స్ ప్రధాన ఉత్పత్తి పసిపిల్లల దుస్తులే. ఇక ప్రతి ఊళ్లో స్కూల్ యూనిఫాంలు ఉండనే ఉన్నాయి. తెలంగాణలో ప్రభుత్వ పాఠశాలల యూనిఫాంలను మహిళా సంఘాలతో కుట్టిస్తున్నారు. వందల మంది పిల్లలకి ఒకేసారి కుట్టేచోట కొలతల చార్టు, గ్రేడింగ్ తెలిసిన ఒక్కరున్నా ఎంత గుడ్డ ఆదా అవుతుందో ఆలోచించండి.

• ప్యాటర్న్ అసిస్టెంట్, క్యాడ్ ఆపరేటర్: కంప్యూటర్‌లో ప్యాటర్న్, గ్రేడింగ్, గుడ్డ మీద ముక్కలు అమర్చే మార్కర్ తయారీ.
• శాంప్లింగ్ టైలర్: బయ్యర్‌కి పంపే మొదటి పీసు కుట్టడం.
• ఫిట్ లేదా గార్మెంట్ టెక్నీషియన్: శాంపిల్‌ని కొలిచి, లోపాలు రాసి, మార్పులు సూచించడం.
• క్వాలిటీ కంట్రోలర్, మర్చండైజర్: బయ్యర్ ఇచ్చిన కొలతల పట్టికకి తగ్గట్టు సరుకు తయారయ్యేలా చూడటం.

ఏం చదవాలి?

పదో తరగతి తర్వాత కొన్ని మహిళా పాలిటెక్నిక్‌లలో గార్మెంట్ టెక్నాలజీ డిప్లొమా ఉంది. పాలిసెట్ రాయాలి. ఐటీఐల్లో స్యూయింగ్ టెక్నాలజీ, డ్రెస్ మేకింగ్ ఏడాది ట్రేడులున్నాయి. ఇంటర్ తర్వాత హైదరాబాద్ సహా నిఫ్ట్ క్యాంపస్‌లలో బీడిజైన్, బీఎఫ్‌టెక్ నాలుగేళ్ల కోర్సులు. ఏ డిగ్రీ చేసినవారైనా నిఫ్ట్‌లో మాస్టర్ ఆఫ్ ఫ్యాషన్ మేనేజ్‌మెంట్‌కి ప్రయత్నించవచ్చు. తక్కువ సమయంలో ఉద్యోగంలో చేరాలనుకుంటే అపారెల్ ట్రైనింగ్ అండ్ డిజైన్ సెంటర్ల స్వల్పకాలిక కోర్సులు చూడండి. గ్రామీణ యువతకి బ్యాంకులు నడిపే స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో టైలరింగ్ ఉచితంగా నేర్పుతారు. అర్హతలు, తేదీలు ఆయా నోటిఫికేషన్లలో చూసుకోవాలి.

పరిశ్రమలో గెర్బర్ ఆక్యుమార్క్, లెక్ట్రా మొడారిస్, ఆప్టిటెక్స్, టుకాక్యాడ్ వంటి సాఫ్ట్‌వేర్లు వాడతారు. 3డీలో చూసుకోవడానికి క్లో 3డీ ఉంది. ఇవి కొనక్కర్లేదు, శిక్షణ సంస్థల్లో నేర్చుకోవచ్చు. ఇంట్లో ప్రాక్టీసుకి వాలెంటీనా అనే ఉచిత ప్యాటర్న్ సాఫ్ట్‌వేర్ ఉంది. లెక్కలు చదివినవారికి ఇందులో ఒక సౌలభ్యం... గ్రేడింగ్ అంటే ఒక్కో బిందువుని ఎక్స్, వై దిశల్లో ఎంత జరపాలో చెప్పడమే.

ఒక మాట దాచకుండా చెప్పాలి. చేరిన రోజే మాస్టర్ అవ్వరు. మొదట్లో కాగితాలు కట్ చేయడం, ముక్కలకి పేర్లు రాయడం, కొలతలు సరిచూడటం... ఇవే పనులు. జీతం కూడా అందుకు తగ్గట్టే ఉంటుంది. ఓపిక పట్టి చేయి తిప్పుకున్నవారికే పట్టు వస్తుంది. సర్టిఫికెట్ ఉండి ట్రయల్ పీసు చూసి తప్పు చెప్పలేనివారికంటే, తప్పు చెప్పగలిగినవారికే ఇక్కడ విలువ.

మన దేశంలో ఈ రంగానికి ఇంకా చేయాల్సిన పని ఉంది. భారతీయుల సొంత సైజుల చార్టు కోసం నిఫ్ట్ చేపట్టిన ఇండియాసైజ్ సర్వే హైదరాబాద్‌తో కలిపి ఆరు నగరాల్లో 25 వేల మందిని లక్ష్యంగా పెట్టుకుంది. అయితే అది 15 నుంచి 65 ఏళ్ల వారికోసం. చిన్నపిల్లలు అందులో లేరు. మన పిల్లల ఒళ్లు కొలిచి, రాసి పెట్టుకునే అలవాటున్న యువత అవసరం ఎంతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇలా మొదలుపెట్టండి

1. ఈ ఆదివారం మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ముగ్గురు పిల్లల ఎత్తు, ఛాతీ, నడుము, తల చుట్టుకొలత రాయండి. వయసు పక్కన రాసి పోల్చండి.
2. వాళ్లలో ఒకరికి చేతుల్లేని సాదా గౌను ప్యాటర్న్ గీయండి. పాత దుప్పటి మీద ట్రయల్ వేయండి.
3. తొడిగినప్పటి ఫొటో, కనిపించిన లోపం, చేసిన మార్పు, మార్చాక తీసిన ఫొటో... నాలుగూ ఒకే పేజీలో అతికించండి. పిల్లల ముఖాలు కనిపించకుండా, తల్లిదండ్రులను అడిగాకే తీయండి.
4. అదే ప్యాటర్న్‌ని పై సైజుకి, కింది సైజుకి గ్రేడ్ చేయండి.

ఇలాంటి పేజీలు ఐదారు జమ అయితే అదే మీ పోర్ట్‌ఫోలియో. ఇంటర్వ్యూలో ‘నీకేం వచ్చు?’ అని అడిగితే చెప్పక్కర్లేదు, ఫైలు తెరిచి చూపిస్తే చాలు. ఇక ఉద్యోగం సంగతి ఎలా ఉన్నా, మీరు కుట్టిన గౌను వేసుకున్న పాప సాయంత్రం దాకా విప్పనని మారాం చేసిందంటే... మీ లెక్క తప్పలేదన్నమాటే!